మురమళ్ళ వెళ్ళి వచ్చిన సంగతులు



క్రిస్మస్ ఆరాధనలు అయిపోయి, సంక్రాంతి హడావుడి ఇంకా మొదలుకాని ఆ మధ్య వారంలో మన యౌవనస్థులు పద్నాలుగు మందిని, పెద్దలు ఐదుగురిని తీసుకుని మేము కోనసీమలోని మురమళ్ళ వెళ్ళాం. రెండు రాత్రులు అక్కడ ఉండి, దేవుని కృపను బట్టి క్షేమంగా తిరిగి వచ్చాం. ఫోటోలు మీరు గ్రూపులో ఎప్పుడో చూసేశారు. మనవాడు పీతను పట్టుకుని నవ్వుతున్న ఫోటో కింద ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో లెక్క లేదు. అయితే ఫోటోల్లో పడని సంగతులు కూడా రాయమని ముగ్గురు నలుగురు తల్లులు అడిగారు. వాళ్ళు అడగడానికి కారణం ఉంది. ముందు అది చెప్పాలి.

"క్షేమంగా" అన్న మాట మనం ఉత్తరాల్లో అలవాటుగా రాసేస్తాం. ఈసారి అలా రాయలేదు. 2025 మే 26న ముమ్మిడివరం మండలం కమినిలంక దగ్గర గోదావరిలో స్నానానికి దిగిన ఎనిమిది మంది యువకులు మునిగి చనిపోయారు. అందరూ మన పిల్లల ఈడువాళ్ళే. శుభకార్యానికి వచ్చి, మధ్యాహ్నం ఎండకు ఏట్లో దిగారు. మురమళ్ళకు ఆ చోటు ఎంతో దూరం కాదు. అందుకే మేము ఈ ప్రయాణం సంగతి ఆరాధన అయ్యాక ప్రకటించినప్పుడు వెనక వరసలో కూర్చున్న అమ్మలు లేచి బయటికి వెళ్ళలేదు. "అయ్యగారూ, సముద్రం అయితే సరే, కమినిలంక కూడా అటేగా?" అని ఒకరు అడిగారు. మిగతావాళ్ళు ఏమీ అనలేదు గాని అందరి ప్రశ్నా అదే.

ఆ రోజు వాకిట్లోనే నిలబడి ఒక ఒప్పందం చేసుకున్నాం. నీళ్ళలో దిగే విషయంలో ఆ ఊరి వేటగాళ్ళు ఏది చెబితే అది. సంఘకాపరి దిగమన్నా సరే, వాళ్ళు వద్దంటే దిగకూడదు. పిల్లలు పద్నాలుగు మందీ తల్లుల ముందే మాట ఇచ్చారు. అయినా ఒక అమ్మ తన కొడుకుని పంపలేదు. మేము బలవంతం చేయలేదు, చేయాలనీ అనిపించలేదు.

రెండు మ్యాజిక్ బళ్ళలో తెల్లవారుజామున బయలుదేరాం. కాకినాడ దాటి 216 జాతీయ రహదారి మీద తాళ్ళరేవు, కోరింగ మీదుగా యానాం. మెట్టలో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఆ దారి పొడవునా కొత్తే. ఒకవైపు చేపల చెరువులు, మరోవైపు కొబ్బరితోటలు, మధ్యలో మడ అడవి వాసన. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న ఊరని చెబితే ఒక అమ్మాయి అక్కడి బోర్డుల్లో ఫ్రెంచి అక్షరాల కోసం వెతుకుతూనే కూర్చుంది. అక్కడి నుంచి గౌతమి మీద పొడుగాటి వంతెన. దానికి అవతలి ఒడ్డున ఎదుర్లంకలో పుట్టి, లోక్‌సభ స్పీకరు అయి, 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో చనిపోయిన బాలయోగి గారి పేరు పెట్టారు. వంతెన లేనప్పుడు ఇక్కడ పంటు మీద ఏరు దాటేవారు. ఆ రోజుల్లో పెళ్ళికి వెళ్తూ దాటిన సంగతి మన పెద్దల్లో ఒకరికి గుర్తుంది. వరద రోజుల్లో పంటు కోసం గంటలు కాచుకున్నామని ఆయన చెబుతుంటే పిల్లలు నమ్మలేదు. వాళ్ళ బండి వంతెన దాటడానికి పట్టింది కొద్ది నిమిషాలు.

వంతెన దిగాక వచ్చే మండలం పేరు ఐ. పోలవరం. "ఐ" అంటే ఐలాండ్ అట. ఆ పేరు ఎందుకొచ్చిందో మ్యాపు చూస్తే తెలుస్తుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. కిందికి వచ్చాక గౌతమి నుంచి వృద్ధ గౌతమి అనే పాయ విడిపోతుంది. అటు గౌతమి, ఇటు వృద్ధ గౌతమి, తూర్పున సముద్రం. ఈ నీళ్ళ మధ్య నేల ఇది. మురమళ్ళ వృద్ధ గౌతమి ఒడ్డున ఉంది.

ఊరి గురించి ఒక మాట. మురమళ్ళ పేరు చెబితే రాష్ట్రంలో చాలామందికి గుర్తొచ్చేది అక్కడి వీరేశ్వరస్వామి గుడి. ఏడాది పొడవునా రోజూ కల్యాణం జరిగే గుడి కాబట్టి పెళ్ళి కావలసినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మేము దిగిన సాయంత్రం కూడా రోడ్డు మీద కొత్త బట్టలవాళ్ళు, బస్సు దిగి దారి అడిగేవాళ్ళు కనిపిస్తూనే ఉన్నారు. దీనివల్ల ఆ ఊరికి ఒక మంచి అలవాటు వచ్చిందని మాకు అనిపించింది. కొత్తముఖం కనబడితే వింతగా చూడరు. టీ కొట్టాయన మమ్మల్ని చూసి "ఎక్కణ్ణుంచండి? ఎంతమందండి? భోజనాల ఏర్పాటు ఉందాండి?" అని మూడు ప్రశ్నలు ఒక్క ఊపిరిలో అడిగాడు. చర్చికి వచ్చామని చెబితే దారి చెప్పడమే కాకుండా కుర్రాణ్ణి తోడు పంపాడు. కోనసీమ మాటలో ఆ "అండి" అన్నది ప్రతి మాటకీ తగులుతుంది. రెండో రోజుకల్లా మన పిల్లలు ఒకరినొకరు "ఆయ్, రండి, కూర్చోండి" అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. ఇప్పటికీ ఆగలేదని ఇళ్ళల్లో మీకే తెలుసు.

అక్కడి దైవసేవకులు, అమ్మగారు మాకు చర్చి హాల్లో చాపలు వేయించారు. రాత్రి భోజనంలో మండపీతల ఇగురు, ఎండు నెత్తళ్ళ వేపుడు. వంట గురించి ఇంతకంటే రాస్తే ఇది భక్తి వ్యాసం కాకుండా పోతుంది గాని, మన పెద్దల్లో పీత తినడం రానివాళ్ళకి ఆ సంఘంలోని ఎనిమిదేళ్ళ పాప పక్కన కూర్చుని డెక్క ఎలా పగలగొట్టాలో నేర్పింది. ఆ దృశ్యం మాత్రం చెప్పకుండా ఉండలేం.

చీకటి పడకముందు జరిగినది ఇప్పుడు చెబుతాం.

సామాను దించగానే పిల్లలు ఏటి ఒడ్డుకు పరుగెత్తారు. జనవరి సాయంత్రం, గాలి లేదు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఒడ్డు నుంచి కొంత దూరం అడుగున ఇసుక కనిపిస్తోంది. మోకాలి లోతు కూడా లేదనిపించింది. ఇద్దరు అప్పటికే చొక్కాలు విప్పారు. మాతో వచ్చిన ఆ సంఘపెద్ద అక్కడే పడవ తాడు ముడి వేస్తున్నారు. ఆయనకు డెబ్బై దాటాయి. చిన్నప్పటి నుంచి వేటే. తల ఎత్తకుండానే "ఆయ్, ఇక్కడ దిగకండి బాబూ" అన్నారు.

"లోతు లేదు కదండీ తాతగారూ" అన్నాడు మనవాడు.

"లేనట్టే ఉంటదండి. నాలుగడుగులు ఇసక, అయిదో అడుగు ఉండదు. కిందటేడు అక్కడ నిలబడి వల ఏసేవోణ్ణండి. ఈ ఏడు అక్కడే నా పడవ గెడ అందట్లేదు. వరదొచ్చిందంటే ఏటి అడుగు మారిపోద్దండి. మాకే తెలీదు, మీకేం తెలుస్తాదండి?"

ఆయన చెప్పినది తర్వాత వివరంగా అడిగి తెలుసుకున్నాం. మీరు కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే మనవాళ్ళు పుష్కరాలకనీ పెళ్ళిళ్ళకనీ గోదావరి వైపు వెళ్తూనే ఉంటారు. వరదనీరు ఇసుకను ఒకచోట తవ్వి మరోచోట మేట వేస్తుంది. మేట పైభాగం చదునుగా, గట్టిగా ఉంటుంది. దాని అంచు మాత్రం గోడలా తెగి ఉంటుంది. అంచు మీద అడుగు పడితే ఇసుక జారిపోతుంది, మనిషి ఒక్కసారిగా నిలువు లోతులోకి పోతాడు. పక్కవాడు చెయ్యి అందించబోతే అతని కాలి కింద ఇసుకా జారుతుంది. ఒకరి కోసం ఒకరు వెళ్ళి నలుగురు ఐదుగురు పోయే ప్రమాదాలు ఇలాగే జరుగుతాయి. దానికి తోడు ఇక్కడ ఏరు సముద్రం మాట వింటుంది. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. 1852లో కాటన్ దొరగారు ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచి శీతాకాలం నీరు చాలావరకు కాలవల్లోకి పోతోంది, కింద పాయల్లో సముద్రపు నీటి రాకపోకలే ఎక్కువ. పాటు సమయంలో పైకి అద్దంలా ఉన్న నీరే అడుగున సముద్రం వైపు లాగుతూ ఉంటుంది. ఈత బాగా వచ్చినవాడు కూడా ఆ లాగుడుకి ఎదురీది అలిసిపోతాడు.

మనవాళ్ళు చొక్కాలు తొడుక్కున్నారు. ముఖాలు మాత్రం మాడిపోయాయి. "ఇంత దూరం వచ్చింది ఒడ్డున కూర్చోడానికా?" అని ఒకరు గొణిగిన మాట మాకు వినపడింది. తప్పు పట్టలేదు. పద్దెనిమిదేళ్ళ వయసులో నీళ్ళు చూసి దిగాలనిపించకపోతేనే ఆశ్చర్యం.

ఆ రాత్రి ప్రార్థనలో అపొస్తలుల కార్యములు ఇరవై ఏడవ అధ్యాయం చదివాం. పౌలు ప్రయాణం చేసిన ఓడ తుపానులో చిక్కుకున్న అధ్యాయం. మనం ఎక్కువగా ప్రసంగించేది మొదటి సగం. పౌలు హెచ్చరించాడు, శతాధిపతి పౌలు మాట వినకుండా ఓడ నడిపేవాడి మాట విన్నాడు, నష్టం జరిగింది. దాని మీద ఎన్ని ప్రసంగాలు విన్నామో, మేమూ ఎన్ని చేశామో. చదువుకున్నవాడి మాట, పనివాడి మాట ఎందుకు, విశ్వాసం ఉంటే చాలు అన్నంత దూరం కూడా కొందరు ఆ సగాన్ని లాక్కెళ్తారు.

అదే అధ్యాయంలో ఇంకా కిందికి వెళ్ళండి. ఓడలో ఉన్న 276 మందిలో ఒక్క ప్రాణం కూడా పోదని దేవదూత రాత్రివేళ పౌలుకు చెప్పాడు. వాగ్దానం వచ్చేసింది. అయినా నావికులు చిన్న పడవ దించుకుని తప్పించుకోబోతుంటే పౌలు ఊరుకోలేదు. వీళ్ళు ఓడలో లేకపోతే మీరు బతకరని సైనికులకు చెప్పి ఆపించాడు. వాగ్దానం చేతిలో ఉన్న మనిషికి నావికులతో ఏం పని? పౌలుకు పని ఉంది. దేవుడు కాపాడతానన్న ప్రాణాలను ఓడ నడపడం తెలిసిన చేతుల ద్వారానే కాపాడతాడని ఆయనకు తెలిసినట్టుంది. చొక్కా తొడుక్కుని అలిగిన అబ్బాయి ఇది విని, "అయితే సాయంత్రం తాతగారు మన నావికుడన్నమాట" అన్నాడు. వెటకారంగానే అన్నాడనుకోండి. కానీ మాట సరైనదే.

మర్నాడు పొద్దున్నే మంచులో బయలుదేరాం. కొంత దూరం బండి మీద, కొంత దూరం పడవల మీద, గోదావరి సముద్రంలో కలిసే మొగ వైపు. పడవ మడ అడవి మధ్య కాలవల్లోకి తిరిగాక అందరూ దానంతటదే నోరు మూసుకున్నారు. బురదలోంచి వేల వేళ్ళు పైకి పొడుచుకుని ఉంటాయి, చేతివేళ్ళు ఆకాశం వైపు చాపినట్టు. బురదలో గాలి ఆడదు కాబట్టి మడచెట్టు ఊపిరి పీల్చుకోవడానికి వేళ్ళను పైకి పంపుతుంది. కొన్ని చెట్లకు గింజ కొమ్మ మీద ఉండగానే మొలకెత్తి, పొడుగాటి కాడలా తయారై, బురదలో పడి నిలదొక్కుకుంటుంది. ఉప్పునీటిలో బతకాలి గనుక పిల్లను తల్లి కొంత పెంచాకే వదులుతుంది. మనతో వచ్చిన అక్కల్లో ఒకరు "మనం కూడా అంతేగా అమ్మా" అన్నారు. ఈ అడవిలో బావురు పిల్లులు ఉంటాయి, నీళ్ళలో దూకి చేపలు పట్టే పిల్లులు. మాకు కనిపించలేదు. కొంగలు, లకుముకి పిట్టలు, బురద మీద గెంతే చిన్న చేపలు కనిపించాయి.

తాతగారు పడవలో వేట సంగతులు చెప్పారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలకు ప్రభుత్వం సొమ్ము ఇస్తుంది. 2022 మే 13న ముఖ్యమంత్రి ఈ మురమళ్ళకే వచ్చి లక్ష దాటిన మత్స్యకారులకు తలా పది వేలు వేశారు. ఇప్పుడది ఇరవై వేలయింది. "సరిపోద్దాండి?" అని మనవాళ్ళు అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు.

మొగ దగ్గర భైరవపాలెం. చిన్న ఊరు. ఒకపక్క ఏరు, ఒకపక్క సముద్రం, వాకిళ్ళ ముందు వలలు, తాళ్ళు, ఎండబెట్టిన చేపలు. అక్కడి సంఘానికి చెందిన ఒక మామ్మగారి ఇంటి అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు, కొబ్బరిబొండాలు ఇచ్చారు. అక్కడ మంచినీళ్ళు ఇవ్వడమంటే చిన్న సంగతి కాదు. చుట్టూ నీళ్ళే, తాగేవి మాత్రం బయట నుంచి రావాలి. పిల్లలకు ముందే చెప్పాం, గ్లాసులో పోయించుకున్నది వదిలేయవద్దని.

మామ్మగారిని మేము ఏమీ అడగలేదు. గోడ మీద పాత ఫోటోలో ఇద్దరు మగవాళ్ళు ఉంటే మన అమ్మాయి "వీళ్ళెవరు మామ్మా?" అంది. "మీ తాత, మా మరిదమ్మా. తొంభయ్యారులో పోయారు" అన్నారు ఆవిడ.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను గురించి మన పెద్దలకు తెలుసు. మనకి అక్కడ రేకులు లేచిపోయాయి, చెట్లు పడ్డాయి. కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకార గ్రామాలు అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నాయి, ఎందుకంటే వాళ్ళ మగవాళ్ళు చాలామంది అప్పుడు నీళ్ళ మీద ఉన్నారు. మామ్మగారు ఇవేమీ లెక్కలుగా చెప్పలేదు. ఆ రోజు పొద్దున వాళ్ళిద్దరికీ చద్దన్నం కట్టిచ్చానని చెప్పారు. రాత్రి గాలి శబ్దం ఎలా ఉందో చెప్పడానికి ప్రయత్నించి, మాట దొరక్క, చేత్తో చెవి మూసుకుని చూపించారు. తెల్లారాక నీళ్ళు ఎటు, నేల ఎటో తెలియలేదన్నారు. ఒకరు దొరికారు, ఒకరు దొరకలేదు. ఎవరు దొరికారో ఆవిడ చెప్పలేదు, మేము అడగలేదు.

తర్వాత మొన్న అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను సంగతి చెప్పారు. ఆ చెప్పే తీరు వేరేగా ఉంది. ఊళ్ళో అందరికంటే ముందు సంచి సర్దుకుని తుఫాను షెల్టరు మెట్ల మీద కూర్చున్నది తనేనట. "ఇంకా గాలే లేదు మామ్మా అని కుర్రాళ్ళు నవ్వారు. నవ్వుకోండ్రా, నవ్వుకుంటూ ఎక్కండి అన్నాను." ఆవిడ నవ్వారు, మన పిల్లలూ నవ్వారు. ముందురోజు అలిగిన అబ్బాయి మాత్రం నవ్వలేదు. అతను ఆ ఫోటో వైపు చూస్తున్నాడు. ప్రార్థన చేయమని మామ్మగారే అడిగారు. మేము చేయబోతే, "మీరు కాదండి, ఆ కుర్రోడు" అని అతన్నే చూపించారు. అతను చేశాడు, చిన్న ప్రార్థన. సరిగ్గా వినపడలేదు కూడా. వచ్చేటప్పుడు ఆవిడ మీ ఊళ్ళో ఏం పండుతాయని అడిగారు. కందులు, జీడిమామిడి అన్నాం. "మెట్ట కందిపప్పు రుచే వేరు" అన్నారు.

మధ్యాహ్నానికి ముమ్మిడివరం మీదుగా ఉప్పలగుప్తం మండలంలోని ఎస్. యానాం బీచికి వెళ్ళాం. తాతగారు కూడా మాతోనే వచ్చారు. పిల్లల ఎదురుచూపంతా దీని కోసమే. సరుగుడు తోట దాటగానే పొడుగాటి ఇసుక తీరం, కాకినాడ బీచిలా బండలూ గోడలూ ఏమీ లేవు. తోట నీడలో వాలీబాల్ నెట్టు కట్టారు. మన పెద్దలు ఐదుగురూ ఒక జట్టుగా ఆడి ఘోరంగా ఓడిపోయారని నమోదు చేస్తున్నాం.

అక్కడ అలివి వల లాగుతున్నారు. పడవలో వెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా వల వేసి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డు నుంచి రెండు గుంపులు లాగుతాయి. తాతగారు వాళ్ళతో ఒక మాట చెప్పగానే మన పిల్లలకు తాడు అందించారు. చూడటానికి తాడు కదులుతున్నట్టే ఉండదు. కాళ్ళు ఇసుకలో దిగబడతాయి, అల వెనక్కి వెళ్ళినప్పుడు తాడు మనల్నే లాగుతుంది. పావుగంటకే అరచేతులు బొబ్బలెక్కాయి. చాలాసేపటికి వల ఒడ్డుకు వచ్చింది. అందులో ఒక బుట్టకు సరిపడా చిన్నచేపలు, నాలుగైదు పీతలు, బోలెడు నాచు, రెండు ప్లాస్టిక్ సీసాలు. మన పిల్లలు నోరు వెళ్ళబెట్టారు. ఇంతమంది ఇంతసేపు లాగితే ఇదేనా? వాళ్ళు మాత్రం గొణుక్కోలేదు. వలకు ఇంత, పడవకు ఇంత, మనిషికి ఇంత అని వాటాలు వేసుకున్నారు. మన పిల్లలకు కూడా ఒక వాటా తీశారు. మేము వద్దన్నా వినలేదు, "తాడు లాగారు కదండీ" అన్నారు. రాత్రంతా వల వేసి ఖాళీగా ఒడ్డుకు వచ్చిన పేతురు గురించి ఎన్నో ఆదివారాలు చెప్పాం. ఆ ఉదయం అతని చేతులు ఎలా మండి ఉంటాయో మన పిల్లలకు ఇప్పుడు చెప్పక్కర్లేదు.

ఇక స్నానం. తాతగారు నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు సముద్రాన్ని చూశారు. ఒకచోట అలలు వరసగా తెల్లగా విరుగుతున్నాయి. దాని పక్కన కొంత మేర అలలు లేవు, నీరు కాస్త నల్లగా, ప్రశాంతంగా ఉంది. మన పిల్లలు సహజంగానే ఆ ప్రశాంతంగా ఉన్న వైపు నడిచారు. ఆయన కేక వేశారు. ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. అల విరగని చోటే మనిషిని లాక్కుపోతుంది. ఒకవేళ అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలిసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి, లాగుడు దాటాక అల తనే ఒడ్డుకు తోస్తుంది. ఇది ఆయన ఇసుక మీద కర్రతో గీసి చూపించారు. తర్వాత అలలు విరిగే చోట మొల లోతు దాకా, ఒకేసారి ఐదుగురు, చేతులు పట్టుకుని, ఆయన నిలబడిన చోటికి ఎదురుగా. గంటసేపు. పోటు తిరిగే వేళయింది అనగానే అందరూ బయటికి వచ్చేశారు. ఒక్కరు కూడా "ఇంకొక్క ఐదు నిమిషాలు" అనలేదు. ముందురోజు సాయంత్రం గొణిగిన పిల్లలే వీళ్ళు.

మేము బయటికి వస్తుంటే దూరంగా మరో గుంపు, ఎక్కడివాళ్ళో, ఆ నల్లటి నీళ్ళ వైపే పెద్ద స్పీకరు పెట్టుకుని దిగుతున్నారు. సీసాలు కూడా కనిపించాయి. తాతగారు వెళ్ళి చెప్పారు. వాళ్ళలో ఒకడు విసుక్కున్నాడు, ఇద్దరు విన్నారు, చివరికి అందరూ పక్కకు జరిగారు. ఆయన తిరిగొచ్చి ఏమీ అనలేదు. ఆ తీరంలో ఆయనకు ఇది రోజూ ఉండే పనేమో. జీతం లేని పని.

చీకటి పడేముందు తీరం వెంబడి నడుస్తుంటే చచ్చిపోయి కొట్టుకొచ్చిన ఒక పెద్ద తాబేలు కనిపించింది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ ఇసుకలో గుడ్లు పెట్టడానికి రాత్రిళ్ళు వస్తాయి. కొన్ని లోపల మరపడవల వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోతాయి. ఒడ్డున వెలుతురు, గోల ఉంటే బతికున్నవి కూడా వెనక్కి తిరిగిపోతాయి. అది విన్నాక మన పిల్లలు క్యాంప్‌ఫైర్ మాట ఎత్తలేదు. తమ చెత్తతో పాటు వలలో వచ్చిన ఆ రెండు సీసాలు కూడా సంచిలో వేసుకుని వచ్చారు.

మూడో రోజు ఉదయం తాతగారికి ఏదైనా ఇద్దామని కొంత సొమ్ము కవరులో పెట్టాం. తీసుకోలేదు. "మళ్ళీ రండి. ఈసారి అమ్మల్ని తీసుకురండి, భయం పోద్ది" అన్నారు.

కాబట్టి ఇప్పుడు ప్రకటన. మార్చిలో రెండో ప్రయాణం అనుకుంటున్నాం, ఈసారి తల్లుల కోసం. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలయ్యాక పడవలు ఒడ్డెక్కేస్తాయి గనుక ఈలోపే వెళ్ళాలి. కొడుకుని పంపని ఆ అమ్మ మొదటి పేరు ఇచ్చేశారు, కొడుకుతో కలిపి. మిగతావాళ్ళు ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పండి, రెండు బళ్ళకు సరిపోయేంత మందికే చోటు. టోపీ, తడిస్తే మార్చుకోవడానికి రెండు జతలు, తాగునీళ్ళ సీసా ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. స్పీకర్లు వద్దు. ఎండు చేపలు కావలసినవాళ్ళు ముందే చెబితే అక్కడివాళ్ళు తీసి ఉంచుతారు. ఇంకొకటి, భైరవపాలెం మామ్మగారికి కందిపప్పు పట్టుకెళ్ళాలి. ఈ ఏటి పంటది, ఇంట్లో తిరగలి పట్టినది రెండు కేజీలు ఎవరి దగ్గర ఉన్నా పక్కన పెట్టండి.